గోల్‌పోస్టు ముందు ఒక్కడే: ఇకెర్ కసియాస్ తొలి రోజులు

అందరికీ నమస్కారం. మైకు చివరి వరుస దాకా వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి. సరే.

ఈ రోజు నేను మాట్లాడబోయేది స్పెయిన్ ఫుట్‌బాల్ గోల్‌కీపర్ ఇకెర్ కసియాస్ గురించి. మీలో చాలామందికి ఈ పేరు వినగానే 2010లో జొహన్నెస్‌బర్గ్‌లో ప్రపంచ కప్పు ఎత్తిన కెప్టెన్ గుర్తొస్తాడు. ఆ కసియాస్ జోలికి నేను ఈ రోజు వెళ్లను. 1997 నుంచి 2002 వరకు, అంటే పదహారేళ్ల వయసు నుంచి ఇరవై ఒకటి వరకు ఉన్న కుర్రవాడి గురించే చెబుతాను. ఆ తరువాతి కథ అందరూ చెబుతారు. ముందు కథే నాకు ఇష్టం. దానికి కారణం ఉంది.

మొదట ఒక ప్రశ్న అడుగుతాను, ఆలోచించండి. ఒక కుర్ర ఫార్వర్డ్‌కు పెద్ద జట్టులో మొదటి అవకాశం ఎలా వస్తుంది? జట్టు మూడు గోల్స్ ముందుంటుంది, ఎనభయ్యో నిమిషం దాటుతుంది, కోచ్ వెనక్కి తిరిగి, బాబూ, నువ్వు వెళ్లు అంటాడు. ఆ పది నిమిషాల్లో బాగా ఆడితే మళ్లీ వారం ఇరవై నిమిషాలు. తప్పు చేసినా కొంప మునగదు. మిడ్‌ఫీల్డర్ అయినా అంతే. డిఫెండర్ అయితే ఒకవైపు ఖాళీ లేకపోతే రెండోవైపు ఆడిస్తారు.

మరి గోల్‌కీపర్ సంగతి? ఎనభయ్యో నిమిషంలో కీపర్‌ను మార్చి కుర్రవాడిని పరీక్షించే కోచ్‌ను మీరెప్పుడైనా చూశారా? నేను చూడలేదు. ఉన్నది ఒకే చోటు. ఆ చోటు ఖాళీ కావాలంటే అక్కడున్నవాడికి గాయమైనా కావాలి, ఫామ్ అయినా పోవాలి, వయసైనా మీద పడాలి. గమనించండి, ఈ మూడూ అవతలివాడికి జరగాల్సినవే. మన కుర్రవాడి చేతిలో ఉన్నది ఒక్కటీ లేదు. మన క్రికెట్‌లో వికెట్ కీపర్లది కూడా దాదాపు ఇదే అవస్థ, కాకపోతే వాళ్లు బ్యాట్ పట్టుకుని ఇంకో దారిలో జట్టులోకి రావచ్చు. ఫుట్‌బాల్ కీపర్‌కు ఆ దారి కూడా లేదు.

ఇది మనసులో పెట్టుకుని వినండి. కసియాస్ తొలి అయిదేళ్లలో జరిగిన ప్రతి మలుపు ఇంకొక కీపర్ కష్టం పక్కనే నిలబడి ఉంటుంది.

ఇకెర్ 1981 మే 20న పుట్టాడు. ఊరు మోస్తొలెస్, మాడ్రిడ్‌కు నైరుతిగా ఉన్న శివారు. పనుల కోసం పల్లెల నుంచి వచ్చినవాళ్లతో నిండిన అపార్ట్‌మెంట్ల ఊరు అది. తల్లిదండ్రుల మూలాలు ఆవిలా ప్రాంతంలోని నవలక్రూస్ అనే చిన్న పల్లెలో ఉన్నాయి. తండ్రి ప్రభుత్వోద్యోగి, తల్లి క్షౌరశాలలో జుట్టు కత్తిరించే పని చేసేది. అంటే బాగా డబ్బున్న ఇల్లేమీ కాదు.

డబ్బు అన్నాను కాబట్టి ఒక ముచ్చట చెప్పాలి. స్పెయిన్‌లో కినియెలా అని ఒకటి ఉంది. ఆ వారం జరిగే మ్యాచ్‌ల ఫలితాలు ఊహించి చీటీ నింపి దుకాణంలో ఇస్తారు, అన్నీ సరిగ్గా వస్తే పెద్ద మొత్తం వస్తుంది. ఇకెర్ తండ్రి వారం వారం నింపేవాడు. చీటీ తీసుకెళ్లి ఇచ్చే పని కొడుకుది. ఒక వారం పిల్లవాడు మరిచిపోయాడు. మీరు ఊహించారు కదా? ఆ వారమే పద్నాలుగు మ్యాచ్‌లకు పద్నాలుగూ సరిపోయాయి! ఈ సంగతి కసియాసే పెద్దయ్యాక నవ్వుతూ చెప్పాడు. తండ్రి ఆ రాత్రి నవ్వాడో లేదో మీరే ఆలోచించుకోండి.

1990 ప్రాంతంలో, తొమ్మిదేళ్ల వయసులో, రియల్ మాడ్రిడ్ బాలల జట్టులో చేరాడు. అక్కడి శిక్షణ కేంద్రాన్ని అందరూ లా ఫాబ్రికా అంటారు, అంటే కర్మాగారం అని. ఆ కర్మాగారంలో ప్రతి ఏటా వందలమంది పిల్లలు. వాళ్లలో పెద్ద జట్టు దాకా వచ్చేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. కీపర్లయితే ఇంకా తక్కువ. ఎందుకో ఇప్పటికే చెప్పాను.

తరగతి గదిలోంచి విమానం దాకా

1997 నవంబరు. కుర్రవాడికి పదహారేళ్లు. బడిలో తరగతి జరుగుతోంది. బడి పెద్దాయన తలుపు దగ్గరకు వచ్చి ఇకెర్‌ను బయటికి రమ్మన్నాడు. ఇలా పిలిస్తే మనమైతే ఏమనుకుంటాం? ఏదో తప్పు చేశామనుకుంటాం. తీరా చూస్తే సంగతి వేరు: రియల్ మాడ్రిడ్ నుంచి ఫోను వచ్చింది, వెంటనే విమానాశ్రయానికి వెళ్లాలి, జట్టు నార్వే బయలుదేరుతోంది. గాయాల వల్ల పెద్ద జట్టుకు ఒక కీపర్ తక్కువ పడ్డాడు. యూరప్ క్లబ్బుల అతి పెద్ద పోటీ ఛాంపియన్స్ లీగ్‌లో, అక్కడి రోసెన్‌బోర్గ్ క్లబ్బుతో, ట్రోండ్‌హైమ్ నగరంలో మ్యాచ్.

ఆడాడా? లేదు. బెంచి మీద కూర్చున్నాడు. ట్రోండ్‌హైమ్ నవంబరు చలి ఎలా ఉంటుందో ఊహించుకోండి. మాడ్రిడ్ 2-0 తేడాతో ఓడిపోయింది. కుర్రవాడు తిరిగొచ్చి మళ్లీ బడికి వెళ్లాడు. జీవితంలో ఏదీ మారలేదు. దీన్ని అద్భుత ఆరంభంగా చెబుతుంటారు, నాకు మాత్రం అలా అనిపించదు. అది ఆరంభమే కాదు. ఆ తరువాత దాదాపు రెండేళ్లు పెద్ద జట్టు గోల్‌పోస్టు ముందు అతను నిలబడలేదు.

ఆ రెండేళ్లూ అక్కడ ఎవరున్నారో తెలియాలి కదా. జర్మన్ కీపర్ బోడో ఇల్గ్నర్. 1990లో పశ్చిమ జర్మనీ ప్రపంచ కప్పు గెలిచినప్పుడు గోల్‌లో ఉన్నవాడు. 1996లో మాడ్రిడ్‌కు వచ్చాడు. అతను రావడంతో బెంచికి చేరిన కీపర్ పేరు సంతియాగో కనిజారెస్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. ఈ ప్రసంగంలో ఇతను మళ్లీ మళ్లీ వస్తాడు. 1998 మే 20న ఆమ్‌స్టర్‌డామ్‌లో జువెంటస్‌పై మాడ్రిడ్ 1-0తో ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. ముప్పై రెండేళ్ల తరువాత వచ్చిన కప్పు అది. గోల్‌లో ఇల్గ్నర్, బెంచి మీద కనిజారెస్. తేదీ గమనించారా? మే 20. మన కుర్రవాడికి ఆ రోజే పదిహేడేళ్లు నిండాయి. ఆ వేసవిలోనే కనిజారెస్ విసిగి వాలెన్సియాకు వెళ్లిపోయాడు.

కసియాస్ ఆ కాలంలో క్లబ్బు కింది జట్లలో ఆడుతున్నాడు. 1999 ఏప్రిల్‌లో నైజీరియాలో యువకుల ప్రపంచ పోటీ జరిగింది, ఇరవై ఏళ్ల లోపువాళ్లది. స్పెయిన్ గెలిచింది. లాగోస్‌లో ఫైనల్, జపాన్‌పై 4-0. తరువాత పెద్ద పేరు తెచ్చుకున్న మిడ్‌ఫీల్డర్ షావి ఆ జట్టులోవాడే. కసియాస్ కూడా ఆ జట్టులో ఉన్నాడు, పతకం అందుకున్నాడు. కానీ ఫైనల్లో గోల్ కాపాడింది అరాన్సుబియా అనే ఇంకో కుర్రవాడు. చూశారా, అక్కడ కూడా ఉన్నది ఒకే చోటు.

ఇక 1999 సెప్టెంబరు 12. ఇల్గ్నర్‌కు గాయం. వేసవిలోనే అర్జెంటీనా నుంచి బిజారి అనే కీపర్‌ను తెచ్చుకున్నారు, కానీ ఆ రోజు కోచ్ జాన్ తోషాక్ పద్దెనిమిదేళ్ల కసియాస్‌ను దించాడు. ఎక్కడ? బిల్బావోలోని పాత సాన్ మమేస్ మైదానంలో. ఆ మైదానాన్ని అక్కడివాళ్లు కేథడ్రల్ అనేవాళ్లు. ప్రేక్షకులు గీత పక్కనే కూర్చున్నట్టుండేది. అరంగేట్రానికి అంతకంటే సులువైన చోట్లు స్పెయిన్‌లో బోలెడున్నాయి. మ్యాచ్ 2-2తో ముగిసింది. కాబట్టి మొదటి మ్యాచ్‌లోనే రెండు గోల్స్ ఇచ్చాడు. పత్రికలేమీ పూనకంతో ఊగిపోలేదు.

తోషాక్ గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళతాను, చెప్పకుండా ఉండలేను. ఆ శరత్కాలంలో జట్టు తడబడింది. తోషాక్ తన ఆటగాళ్ల తప్పుల గురించి పత్రికలో బాహాటంగా మాట్లాడాడు. క్లబ్బు అధ్యక్షుడు ఆ మాటలు వెనక్కి తీసుకోమన్నాడు. తోషాక్ ఏమన్నాడో తెలుసా? తాను వెనక్కి తగ్గడం కంటే మాడ్రిడ్ సొంత మైదానం బెర్నబేవు మీదుగా పంది ఎగిరి వెళ్లే అవకాశమే ఎక్కువ అన్నాడు. నవంబరులో పదవి పోయింది. పంది మాత్రం ఎగరలేదు.

అతని స్థానంలో వచ్చినవాడు విసెంతె డెల్ బోస్కే. పెద్ద మీసాలు, నెమ్మది మనిషి. క్లబ్బులో పిల్లల విభాగాన్ని ఏళ్ల తరబడి చూసుకున్నవాడు. అంటే కసియాస్ అతనికి పేపర్లో చదివిన పేరు కాదు, కళ్ల ముందు పెరిగిన పిల్లవాడు. కోచ్ మారడం మామూలుగా కుర్రవాళ్లకు ప్రమాదం. కొత్తగా వచ్చినవాడు పేరున్న ఆటగాళ్ల వైపే చూస్తాడు. ఇక్కడ మాత్రం దానికి విరుద్ధంగా జరిగింది.

ఆ సీజన్‌లో లీగ్‌లో మాడ్రిడ్ అయిదో స్థానంతో సరిపెట్టుకుంది. యూరప్‌లో మాత్రం వేరే జట్టులా ఆడింది. క్వార్టర్ ఫైనల్లో ఎదురైంది అంతకుముందు ఏడాది విజేత మాంచెస్టర్ యునైటెడ్. మాడ్రిడ్‌లో 0-0. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 3-2తో మాడ్రిడ్ గెలిచింది. ఆ మ్యాచ్ అనగానే అందరూ రెడోండో మడమతో బంతిని మలిపి రౌల్‌కు గోల్ పెట్టించిన దృశ్యం చెబుతారు. చెప్పాల్సిందే, అంత అందంగా ఉంటుంది. కానీ రెండు మ్యాచ్‌ల మొత్తం తేడా ఒక్క గోల్. ఆ రాత్రి ఇంగ్లండ్ గడ్డ మీద పద్దెనిమిదేళ్లవాడు ఆపిన బంతులు లేకపోతే ఆ మడమ దెబ్బ ఓడిన మ్యాచ్‌లో ఒక ముచ్చటగా మిగిలేది. రికార్డింగు దొరికితే, బంతి వెంట కాకుండా కీపర్ వెంట కళ్లు పెట్టి మొదటి సగం చూడండి.

ఫైనల్ 2000 మే 24న, పారిస్ పక్కన సాంద్నీలోని స్టాద్ ద ఫ్రాన్స్‌లో. ఇకెర్‌కు పంతొమ్మిదేళ్లు నిండి నాలుగు రోజులు. ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడిన అతి పిన్న గోల్‌కీపర్ అప్పటికి అతనే. ప్రత్యర్థి వాలెన్సియా. వాళ్ల గోల్‌లో ఎవరు? అవును, వెనక నుంచి ఎవరో చెప్పారు, కనిజారెస్! మాడ్రిడ్‌లో చోటు లేక వెళ్లిపోయినవాడు ఒకవైపు, అదే మాడ్రిడ్ కర్మాగారంలో తయారైన పంతొమ్మిదేళ్లవాడు మరోవైపు. మొరియెంతెస్, మెక్‌మనమన్, రౌల్ తలా ఒక గోల్ కొట్టారు. 3-0. మరుసటి ఏడాది వాలెన్సియా మళ్లీ ఫైనల్‌కు చేరి, మిలాన్‌లో బాయెర్న్ చేతిలో పెనాల్టీలతో ఓడింది. ఆ రాత్రి కనిజారెస్ మైదానంలోనే ఏడ్చాడు.

ఆ వేసవి యూరప్ దేశాల పోటీ యూరో 2000లో కసియాస్ స్పెయిన్ జట్టులోకి వచ్చాడు, మూడో కీపర్‌గా. మొదటి మ్యాచ్ నార్వేతో. కీపర్ మొలీనా ముందుకొచ్చి బంతిని అందుకోలేకపోయాడు, స్పెయిన్ 1-0తో ఓడింది. కోచ్ కమాచో ఏం చేశాడు? రెండో మ్యాచ్ నుంచి మొలీనా బయట, కనిజారెస్ లోపల. ఒక్క తప్పుకు! ఫార్వర్డ్ ఒక గోల్ మిస్ చేస్తే ఇలా పక్కన పెడతారా? కసియాస్ ఆ పోటీలో ఒక్క నిమిషం ఆడలేదు. కానీ బెంచి మీద నుంచి ఇది చూశాడు.

కింద పడిన ఏడాది

ఇంతవరకూ విన్నవాళ్లకు ఇతనికి అన్నీ కలిసొచ్చాయి అనిపిస్తుంది. చాలామంది అలాగే రాస్తారు కూడా. ఇప్పుడు అసలు సంగతికి వద్దాం.

2000 వేసవిలోనే మాడ్రిడ్ సెజార్ సాంచెజ్ అనే కీపర్‌ను వయ్యదొలీద్ నుంచి కొనుక్కుంది. ఇకెర్ కంటే దాదాపు పదేళ్లు పెద్ద. మొదటి ఏడాది కసియాసే ఆడాడు, మాడ్రిడ్ లీగ్ గెలిచింది. 2001-02 సీజన్‌లో జిదాన్ వచ్చాడు. క్లబ్బుకు నూరేళ్ల పండుగ ఏడాది అది. ఆ సీజన్ సగం దాటాక కసియాస్ తడబడ్డాడు. డెల్ బోస్కే, అదే డెల్ బోస్కే, పిల్లల విభాగం నుంచి చూస్తూ వచ్చినవాడే, అతన్ని పక్కన పెట్టి సెజార్‌ను దించాడు. 2002 మార్చి 6న, క్లబ్బు పుట్టి సరిగ్గా నూరేళ్లు నిండిన రోజున, సొంత మైదానంలో స్పెయిన్ క్లబ్బుల కప్పు పోటీ కోపా దెల్ రే ఫైనల్ పెట్టుకున్నారు. గోల్‌లో సెజార్. డెపోర్తీవో వచ్చి 2-1తో గెలిచి, పండుగంతా పాడు చేసి వెళ్లింది. అయినా సెజార్ స్థానం పోలేదు.

ఇరవై ఏళ్లు. అప్పటికే యూరప్ కప్పు, లీగ్ కప్పు ఇంట్లో ఉన్నాయి. అలాంటివాడు బెంచి మీద. ఇంతకుముందు ఇల్గ్నర్ గాయంతో తెరుచుకున్న తలుపు ఇప్పుడు ఎవరికీ గాయం కాకుండానే మూసుకుంది. పదహారేళ్లప్పుడు బెంచి మీద కూర్చోవడం వేరు, ఇది వేరు. అప్పుడు పోగొట్టుకోవడానికి ఏమీ లేదు. నా దృష్టిలో అతని తొలి కెరీర్‌లో అన్నిటికంటే ముఖ్యమైన కాలం ఈ రెండు మూడు నెలలే. దాని గురించి రాసినవాళ్లు తక్కువ, చూపించడానికి వీడియోలు కూడా ఉండవు కాబట్టి. బెంచి మీద కూర్చున్నవాడిని కెమెరా ఎంతసేపు చూపిస్తుంది?

2002 మే 15, గ్లాస్గో, హాంప్‌డెన్ పార్క్. ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. ఎదురుగా బాయెర్ లెవర్‌కుసెన్. పాపం, ఆ వసంతంలో ఆ జర్మన్ జట్టు లీగ్‌లో రెండో స్థానం, కప్పు ఫైనల్లో ఓటమి, ఇప్పుడు ఇది. రౌల్ గోల్, అవతలివైపు లూసియో గోల్, విరామానికి కాస్త ముందు జిదాన్ గాలిలో ఉన్న బంతిని ఎడమకాలితో కొట్టిన ఆ గోల్. 2-1. ఆ గోల్ గురించి నేను చెప్పక్కర్లేదు.

అరవై ఎనిమిదో నిమిషంలో సెజార్‌కు గాయం. ఇక ఆడలేడు. కసియాస్ లేచాడు. చొక్కా పొడుగు చేతులు ఇబ్బందిగా ఉంటే కత్తెరతో కత్తిరించేసుకుని మైదానంలోకి వెళ్లాడు. ఇంకో అయిదు రోజుల్లో ఇరవై ఒకటి నిండుతాయి. చివరి నిమిషాల్లో లెవర్‌కుసెన్ మొత్తం మీద పడింది. వాళ్ల కీపర్ కూడా ముందుకొచ్చేశాడు. కొద్ది క్షణాల తేడాలో ఒకదాని తరువాత ఒకటి, గోల్ అనుకున్న బంతులు. బెర్బతోవ్ కొట్టినదాన్ని కాలితో ఆపాడు. కాలితో! చేతులు చేరలేని చోటికి కాలు పంపడం అతని ప్రత్యేకత, పొడుగు కీపర్లలో చేరడు కాబట్టి అలవాటు చేసుకున్నాడు. విజిల్ మోగగానే ఇకెర్ ఏడ్చేశాడు.

సెజార్ గాయం అతని అదృష్టం అనేవాళ్లను నేను ఒకటే అడుగుతాను. నెలల తరబడి బెంచి మీద అలిగి కూర్చున్న కుర్రవాడు ఆ రాత్రి ఆ బంతులు ఆపగలిగేవాడా? తలుపు తెరిచింది సెజార్ గాయమే. కానీ ఆ తలుపు దగ్గర రోజూ సిద్ధంగా నిలబడటం ఎవరి పని?

ఇంకొక తలుపు ఉంది. కథల్లో రాస్తే నమ్మరు. ఆ ఫైనల్ అయిన కొద్ది రోజులకే, ప్రపంచ కప్పుకు సిద్ధమవుతున్న స్పెయిన్ జట్టు బస చేసిన హోటల్లో ఒక సీసా కింద పడింది. సెంటు సీసా. దాన్ని పడిపోకుండా ఆపడానికి పాదం అడ్డం పెట్టినవాడు కనిజారెస్. కీపర్ కదా, ఏదైనా పడుతుంటే ఆపాలనిపిస్తుంది! గాజు పగిలి పాదంలోని స్నాయువు తెగింది. స్పెయిన్ మొదటి కీపర్ ప్రపంచ కప్పు అక్కడితో ముగిసింది. అలా క్లబ్బులో రెండో కీపర్‌గా ఉన్నవాడు దేశానికి మొదటి కీపర్ అయ్యాడు.

కొరియాలో స్లొవేనియా, పరాగ్వే, దక్షిణాఫ్రికా, మూడు మ్యాచ్‌లూ గెలిచారు, వాటి గురించి ఆగను. జూన్ 16న సువోన్‌లో ఐర్లండ్‌తో. మొరియెంతెస్ తొందరగానే గోల్ కొట్టాడు. రెండో సగంలో ఐర్లండ్‌కు పెనాల్టీ. ఇయాన్ హార్ట్ కొట్టాడు, కసియాస్ ఆపాడు. చివరి నిమిషంలో ఇంకో పెనాల్టీ, స్పెయిన్ డిఫెండర్ ఇయెరో ఐర్లండ్ ఆటగాడు క్విన్ చొక్కా పట్టి లాగినందుకు. ఈసారి రాబీ కీన్ కొట్టాడు, గోల్. అదనపు సమయంలో స్పెయిన్ పదిమందితో ఆడింది, మార్పులన్నీ అయిపోయాక ఆల్బెల్దాకు గాయమైంది. తరువాత పెనాల్టీల పోటీ. స్పెయిన్‌వాళ్లే ఇద్దరు గురి తప్పారు. కసియాస్ కానలీది ఆపాడు, కిల్బేన్‌ది ఆపాడు. 3-2. ఆ వేసవి నుంచి స్పెయిన్‌లో అతన్ని సాన్ ఇకెర్ అనడం మొదలైంది, పునీత ఇకెర్ అన్నమాట.

వారం తిరగకముందే గ్వాంగ్జూలో ఆతిథ్య కొరియాతో క్వార్టర్ ఫైనల్. స్పెయిన్ కొట్టిన రెండు గోల్స్‌ను రిఫరీలు ఒప్పుకోలేదు. ఆ నిర్ణయాల మీద స్పెయిన్‌లో ఇప్పటికీ కోపం చల్లారలేదు, నాక్కూడా. 0-0, పెనాల్టీలు. కొరియా అయిదుకు అయిదూ కొట్టింది. మన పునీతుడు ఒక్కటీ ఆపలేకపోయాడు. హోకీన్ కొట్టినదాన్ని కొరియా కీపర్ లీ ఉన్-జే ఆపాడు. స్పెయిన్ ఇంటికి.

సెజార్ 2005 దాకా మాడ్రిడ్‌లోనే ఉన్నాడు, ఈసారి బెంచి అతనిది. కనిజారెస్ పాదం మానాక మళ్లీ జాతీయ జట్టుకు వచ్చాడు. 2006 ప్రపంచ కప్పులో స్పెయిన్ మొదటి కీపర్ కసియాసే. తరువాతి రౌండుకు అర్హత ఖాయమైపోయాక, సౌదీ అరేబియాతో ఆడిన ఆఖరి గ్రూపు మ్యాచ్‌లో కనిజారెస్‌ను ఆడించారు. స్పెయిన్ 1-0తో గెలిచింది, అతను ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. తరువాతి మ్యాచ్‌కు మళ్లీ బెంచి మీదికి వెళ్లాడు.

సమయం అయిపోయిందని నిర్వాహకులు సైగ చేస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి. కీపింగ్ చేసే పిల్లలెవరైనా ఉంటే ముందు వాళ్లకు మైకు ఇవ్వండి.